నెగటివ్ అంచున ఒక స్త్రీ

పాత ఫోటోలను స్కాన్ చేసి దాచడాన్ని మనం జ్ఞాపకాలను కాపాడుకోవడం అంటున్నాం. ఎవరి జ్ఞాపకాలను? స్కాన్ చేసిన ప్రతి ఫైలుకీ ఒక పేరు పెట్టాలి. కుటుంబ చరిత్ర రచన అక్కడే మొదలవుతుంది. మగవాళ్ళు ఇంటిపేరుతో సహా నమోదవుతారు. ఆడవాళ్ళు ఫలానావారి భార్యగా, కోడలిగా మిగులుతారు. పనివాళ్ళకు ఆపాటి బంధుత్వం కూడా దక్కదు.

అగ్ఫా క్లిక్ త్రీ లాంటి కెమెరాల్లో వాడిన 120 ఫిల్ము మీద రీలుకు 12 ఫోటోలు వచ్చేవి. నెగటివ్ చదరంగా ఉంటుంది. దాన్ని పొడవాటి కాగితం మీద ప్రింటు వేసేటప్పుడు అంచులు కొంత పోతాయి. ఏ అంచు పోవాలో నిర్ణయించేది మనుషులే.

ముసునూరులో 1970లలో, మామిడి కోతల రోజుల్లో తీసిన మా ఇంటి ఫోటో ప్రింటులో తాతయ్య, ఆయన కొడుకులు, రసాల రాశి ఉన్నాయి. నెగటివ్ స్కాన్ చేస్తే ఎడమ అంచున గంప నెత్తిన పెట్టుకున్న కూలి స్త్రీ కనిపించింది. పెద్దమ్మకు ఆమె పేరు గుర్తుంది. కూతురు ఆ ఊళ్ళోనే ఉంది.

స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' (1986) తెచ్చిన నాటినుంచీ వినబడని గొంతులను వినిపించడం, కనబడనివాళ్ళను చూపించడం మన పని అనుకుంటూ వచ్చాం. ఆ లెక్కన నెగటివ్‌ను పూర్తిగా బయటపెట్టడమే న్యాయం. కానీ ఆ కూతురు అంది: "మా అమ్మది ఒక్క ఫోటో కూడా లేదమ్మా మా దగ్గర. ఇవ్వండి. ఆ గంప మాత్రం తీసేయించండి. మొహం వరకే ఉంచండి. ఇంకెవరికీ చూపించొద్దు."

గంప తీసేస్తే శ్రమ మళ్ళీ అదృశ్యమైపోదా? అవుతుంది. అయినా ఈ రెండు కత్తిరింపులూ ఒకటి కావు. మొదటిది ఆమెను తోట యజమానుల బొమ్మలోంచి తప్పించింది. రెండోది తల్లిని కూలి అనే ఒక్క గుర్తింపు నుంచి విడిపిస్తోంది. ఆమె శ్రమకు సాక్ష్యం దాచుకోవలసిన బాధ్యత దానివల్ల బతికిన మాది. అందుకే పూర్తి బొమ్మ ఆమె పేరుతో మా ఇంట్లో ఉంటుంది. కూతురికి ముఖం ఉన్న ప్రతి వెళ్ళింది. ఇక్కడ ఆ ఫోటో గానీ, ఆ పేరు గానీ అచ్చు వేయకపోవడానికి కారణం ఆమె మాటే.

నెగటివ్ ఎవరి బీరువాలో ఉంటే బొమ్మ మీద హక్కు వాళ్ళదేనన్న అలవాటును మనమే ప్రశ్నించాలి. మన చరిత్రకు సాక్ష్యం కావాలి కాబట్టి ఆమె ఎప్పటికీ గంప మోస్తూనే ఉండాలా?