సున్నా మార్కుల బొమ్మ

మా ఇంట్లో దసరాకి బొమ్మలకొలువు పెడతాం. దశావతారాలు, కొండపల్లి అంబారీ ఏనుగు, ఉదయగిరి నుంచి తెచ్చిన చెక్క గరిటెలు, మా అత్తగారి నాటి మట్టి గరుత్మంతుడు... ఇవన్నీ ఏటా ఉండేవే. ఈసారి వీటి మధ్య పన్నెండు టెరోసార్లు కూడా వచ్చి కూర్చున్నాయి. నవ్వకండి. మనవడున్న ఇంట్లో కొలువు అవ్వ చేతిలో ఉంటుందా ఎక్కడైనా?

టెరోసార్ అంటే ఏమిటని అడుగుతారు కాబోలు. నేనూ మొదట్లో "ఎగిరే రాక్షసబల్లి" అనేదాన్ని. "రాక్షసబల్లి కాదవ్వా, దాని దాయాది" అని దిద్దాడు వాడు. పదకొండేళ్ళ వాడు. ఆ జీవులు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట రాక్షసబల్లులతో పాటే అంతరించాయట. మనం ఉంగరం పెట్టుకునే వేలుందే, ఆ నాలుగో వేలే బారెడు సాగి, రెక్కకి వాసంలా నిలబడేదట. 1975లో పేరు పెట్టిన క్వెట్జల్‌కోట్లస్ అనే దాని రెక్కలు చాపితే ఈ కొసనుంచి ఆ కొసకి పది మీటర్లు. మా హాలు చాలదు.

వాడు బొమ్మల్ని ఊరికే పోగుచేయడు. పరీక్ష పెడతాడు. ఒక నోటుబుక్కులో గళ్ళు గీసి ముక్కు, రెక్క, కాలు, తోక అని రాసి, ఒక్కోదానికి మార్కులు వేస్తాడు. రెక్క గబ్బిలం రెక్కలా అన్ని వేళ్ళమీదా పరిచి ఉంటే మార్కు పోయింది. గద్దలా కాళ్ళతో చేపని పట్టుకుని ఉంటే పోయింది. ఆ కాళ్ళకి అంత పట్టు లేదట. ఒళ్ళు నున్నగా ఉంటే అరమార్కు పోయింది; సన్నటి నూగు ఉండాలట. రంగు అనే గడి మాత్రం ఖాళీగా వదిలేశాడు. "చాలావాటి రంగు ఎవరికీ తెల్దవ్వా. తెలీనిదానికి మార్కు ఎట్ట వేస్తాం?" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మొన్నొక రోజు ఆ నోటుబుక్కు తిరగేస్తుంటే ఒక పేరు పక్కన సున్నా కనిపించింది. వాళ్ళ తాత కొనిచ్చిన బొమ్మ అది.

రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర బారులు తీరే దుకాణాల్లో మా వారు దాన్ని బేరమాడి కొన్నారు. ఆకుపచ్చ ప్లాస్టిక్కు. ఆ మరుసటి ఏటి పండక్కి ఆయన లేరు. దాన్ని తుడిచి పెట్టడం నాకొక పని. పని అంటున్నాను గానీ, పూజ అనాలేమో.

"ఏందిరా ఇది? తాత ఇచ్చిందానికి సున్నానా?" అన్నాను.

"అది టెరనడాన్ అవ్వా. 1876లో ఆ పేరు పెట్టారు. రెక్కా ఉంది, పళ్ళు లేవు అని దానర్థం. పళ్ళు లేకపోవడమే పేరైనదానికి నోటినిండా పళ్ళు పెట్టారు!"

"నాకూ పెట్టారు కదరా నోటినిండా" అన్నాను. వాడు నవ్వాడు గానీ మార్కు దిద్దలేదు. నేలపట్టులో చూసిన గూడబాతుల్ని సాక్ష్యం తెచ్చాడు. అవి ఒక్క పన్నూ లేకుండా చేపలు మింగి బతకడంలేదా అన్నాడు. చివరికి, "దీనికి అబద్ధం మార్కు వేస్తే మిగతావాటికి వేసినవి ఎవరు నమ్ముతారవ్వా?" అన్నాడు.

నాకు జవాబు రాలేదు. కోపం మాత్రం వచ్చింది. ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే ఆ కోపం వాడి మీద కాదనీ, ఎప్పటిదో పాతదనీ తెలిసింది.

నన్నూ ఇలాగే గళ్ళు గీసి చూశారు. మూడు పెళ్ళిచూపులు. నడవమన్నారు, పాడమన్నారు, జడ చూశారు. రంగు గడి మాత్రం ఎవరూ ఖాళీగా వదల్లేదు. మొదటి మార్కు దానికే. రెండుచోట్ల తప్పాను. మీలో చాలామందికి ఈ కథ తెలిసిందే కదా? అందుకే కాబోలు, ఎవరైనా దేన్నైనా వరసలో నిలబెట్టి మార్కులు వేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అయితే తూకం వేయడమే తప్పా? ఆలోచిస్తే అలా అనిపించలేదు. వాడి నోటుబుక్కులో తప్పేమీ లేదు. పళ్ళు లేనిదానికి పళ్ళున్నాయని, తాత మీద ప్రేమకొద్దీ రాయమంటే, రేపు ప్రేమ పేరుచెప్పి ఇంకే అబద్ధమైనా రాయించవచ్చు. మనం ఆడవాళ్ళం ఇంట్లో అలాంటి మార్కులు ఎన్ని వేయలేదు! ఉప్పెక్కువైన పులుసునీ, నోరెక్కువైన కొడుకునీ కూడా బాగుందనే అన్నాం.

పెద్దపెద్ద పండితులే తప్పులు చేశారు. జర్మనీలో దొరికిన మొదటి టెరోసార్ శిలాజాన్ని 1784లో వర్ణించిన కొల్లిని, అది సముద్రపు జంతువేమో అనుకున్నాడట. 1801లో క్యువియే వచ్చి, కాదు, ఇది ఎగిరే సరీసృపమని తేల్చాడు. మన గోదావరి లోయలోని కోట శిలల్లో దొరికిన ఒక ఎముకకి 1974లో జైన్ అనే శాస్త్రవేత్త టెరోసార్ అని పేరు పెడితే, అది టెరోసార్‌దేనా అని తర్వాతివాళ్ళు సందేహించారు. ఒకరు చెప్పింది ఇంకొకరు దిద్దారు. అలాగని ఆ రాళ్ళని ఎవరూ విసిరి పారేయలేదు.

పెళ్ళిచూపులకీ దీనికీ తేడా అక్కడే ఉంది. అక్కడ మార్కు తగ్గితే మనిషికి గుమ్మం మూసేశారు. కొలవడం వేరు, తోసేయడం వేరు. మనం ఇన్నాళ్ళూ రెండిటినీ ఒకటే అనుకుని బాధపడ్డాం. దెబ్బలు తిన్నవాళ్ళం గనక కొలతబద్దని చూస్తేనే భయపడ్డాం.

రొట్టెల పండగలో చూడండి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె అంటూ మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారు. రొట్టె గుండ్రంగా వచ్చిందా, మాడిందా అని చూసేవాళ్ళు లేరు. మాడిన రొట్టె మాడిందే, కాదనం. కళ్ళకద్దుకుని తీసుకుంటాం.

కొలువు పెట్టేనాడు నేను మాట్లాడకుండా వాడి చేతికే బొమ్మలిచ్చాను, ఏం చేస్తాడో చూద్దామని. ఎక్కువ మార్కులొచ్చినవి కింది మెట్టుమీద వరసగా పేర్చాడు. తాత బొమ్మని తీసుకెళ్ళి పైమెట్టుమీద, మా అత్తగారి గరుత్మంతుడి పక్కన పెట్టాడు.

"సున్నా వచ్చింది కదరా దానికి?" అన్నాను.

"మార్కు బొమ్మదవ్వా. చోటు తాతది" అన్నాడు.

పేరంటానికి వచ్చినవాళ్ళంతా ఆ ఆకుపచ్చదాన్నే చూసి ఇదేమిటని అడిగారు. వాడు తొమ్మిది రోజులూ ఓపిగ్గా, దానిలో ఉన్న తప్పులన్నీ వరసపెట్టి చెప్పి, చివర్లో "మా తాత కొనిచ్చాడు" అని చెప్పాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెద్దది చేసేవాడు.