కోరిన కష్టము, కోరని కష్టము

కష్టము రెండు విధములు. మనము కోరి నెత్తి కెత్తుకొనునది యొకటి. కోరకయే మనపై వచ్చిపడునది వేఱొకటి. ఉపవాసము మొదటిదానికి నిదర్శనము, ఆకలి రెండవదానికి. రెంటను కడుపుమంట యొక్కటియే. అయినను ఉపవాసికి పారణ యేనాడో తెలియును. ఆకలిగొన్నవానికి తన భోజన మేనాడో తెలియదు. ఈ యొక్క భేదమువలననే యొకటి వ్రతమైనది, రెండవది దుఃఖమైనది. మన పూర్వులు కోరిన కష్టమును మిక్కిలి గౌరవించిరి. కాలినడకను కాశికి బోయి వచ్చినవాని పాదములు గడిగిరి. కావడి మోసినవానికి దారి విడిచిరి. కోరని కష్టమును మాత్రము కర్మఫలమని చెప్పి ప్రక్కకు ద్రోసిరి. ఈ తీర్పు న్యాయమైనదా యని విచారించుటకు నేటికాలపు వేడుక యొకటి మన కవకాశము గల్పించుచున్నది.

ఆ వేడుక యేదన, మోటారు సైకిళ్లపై మట్టిబాటల యాత్ర. నలుగురైదుగురు మిత్రులు గూడి, లక్షల వెలగల బండ్ల నెక్కి, నున్నని తారుబాటను బుద్ధిపూర్వకముగా విడిచి, రాళ్లును గుంటలును ఇసుకయు గల బండిబాటలను వెదకికొని పోవుదురు. ఇట్టి త్రోవలకే యుద్దేశింపబడిన 'హిమాలయన్' అను బండిని రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ 2016లో విడుదల చేసినప్పటినుండి మన దేశమున నీ వేడుక మఱింత వ్యాపించినది. హిమాలయములకు బోలేనివారు చేరువనున్న యెండిన నేలలకు బోవుదురు. బెంగుళూరివారికి అట్టి చేరువనేల అనంతపురపు పీఠభూమి. శనివారము తెల్లవారుజామున బయలుదేరినవారు ప్రొద్దెక్కకమునుపే లేపాక్షి గుడిముంగిట నుందురు. మధ్యాహ్నమునకు పెనుగొండ దాటి యే గుట్టల నడుమనో దుమ్ము రేపుచుందురు. 2022 ఏప్రిలులో ఈ జిల్లా రెండుగా విభజింపబడి, పుట్టపర్తి ముఖ్యస్థానముగా శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినది. మేమిచట అనంతపురమనునది ఆ పాత జిల్లానంతటిని.

ఆ నేల యెట్టిదో తెలిసినగాని మన ప్రశ్న తెలియదు. పడమటి కనుమలు నైరృతి మేఘముల నడ్డగించును. ఈశాన్యపు వానలు తీరముననే చాలవఱకు గురిసి యిచటికి వచ్చుసరికి సన్నగిల్లును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు నదనునకు రాదు. పైన పలుచని యెఱ్ఱమన్ను, క్రింద రాయి. వేరుశనగ విత్తి ఆకాశమువంక జూచుటయే కాపువాని వ్యవసాయము. పెన్నయు చిత్రావతియు హగరియు పేరునకు నదులు. ఏడాదిలో నెక్కువ దినములు ఇసుకబాటలు. కణేకల్లు ప్రాంతమున ఆషాఢపు గాలి హగరి యిసుకను లేపి పొలములపై దిబ్బలుగా బోయును. 1952నాటి కఱవునందు సైనికులు వచ్చి సీమలో గంజికేంద్రములు నడపిరి. 2012లో జీడిపల్లె జలాశయమునకు కృష్ణాజలము చేరినది గాని, కాలువ పోవు ఊరు వేఱు, పోని ఊరు వేఱు. పోని యూళ్లలో వందల యడుగుల లోతునకు అప్పుచేసి బోరు వేయుదురు. నీరు పడనిచో అప్పు మాత్రము మిగులును. పిమ్మట నింటికి తాళము వేసి బెంగుళూరికి కూలికి బోవుదురు. విచిత్రమేమన, కూలికై బోవువాడును వేడుకకై వచ్చువాడును ఒక్క రహదారిమీదనే యెదురుపడుదురు.

ఇక ప్రశ్న. ఒకరికి బ్రతుకై యున్న కష్టమును వేఱొకరు రెండు దినముల వినోదముగా ననుభవించి పోవుట ధర్మమా?

పెద్దలలో ననేకులు ఈ వేడుకను మొదటనే కొట్టివేయుదురు. పెట్రోలు దండుగ, డబ్బు దండుగ, కాలుసేతులు విఱుగునేమో యని భయము, చూపించుకొనవలెనను డంబము. ఇంతకుమించి యిందేమియు లేదని వారి వాదము. మేము దీని నంగీకరింపము. ప్రయోజనము లేని ప్రతి పనియు దోషమైనచో సంగీతమును దోషమే. కుర్చీలలో గూర్చుండి పగలంతయు దీపపుటద్దమువంక జూచు మన చదువరి యువకులకు, తమ దేహము తమ యాజ్ఞకు లోబడునో లేదో తెలిసికొనుట చిన్న విద్య గాదు. ఇసుకలో ముందుచక్రము తడబడునప్పుడు పిడిని బిగించి పట్టినవాడు పడును. పట్టు సడలించి దూరమునకు జూపు నిలిపినవాడు దాటును. ఈ పాఠమును పుస్తకము చెప్పును గాని నేర్పలేదు.

మైత్రిని గూర్చియు నిచట నేర్వదగినది కలదు. గడచిన చలికాలమున మేమైదుగురము మిత్రులము కల్యాణదుర్గమునుండి రాయదుర్గమునకును, అటనుండి హగరి యొడ్డునకును మట్టిబాటలనే బట్టి రెండు దినములు ప్రయాణము చేసితిమి. మట్టిబాటమీద ముందు బోవువానికి దుమ్ము లేదు. వాడు రేపిన దుమ్మంతయు వెనుకవాడు మ్రింగును. కావున గంటకొకమాఱు ముందువాడు వెనుకకు రావలయునని మాలో నొక కట్టుబాటు చేసికొంటిమి. అందఱకంటె మెల్లగా నడపువారి వేగమే అందఱ వేగము. ప్రతి మలుపునను వెనుకనున్నవారు కానవచ్చుదాక ఆగవలయును. ఈ మూడు కట్టుబాట్లును మన కుటుంబములలో నమలుజరిగిన నెంత బాగుండునోయని మాకు దోచినది. మన యిండ్లలో ముందు నడచువాడు బ్రదుకంతయు ముందే నడచును. వెనుక దుమ్ము మ్రింగువారెవరో చదువరు లెఱుగుదురు.

మా యైదుగురిలో నిద్దఱు స్త్రీలు. ఆడుపిల్లల నిట్టి యాత్రలకు బంపవచ్చునా యని మమ్మడిగినవారు పెక్కుమంది. పంచరు వేసికొని చక్రము తాను బిగించుకొనగల బాలికకు త్రోవవలన భయము లేదు. భయమున్నచో అది త్రోవమీది మనుష్యులవలన. దానికి మందు మనుష్యులకు వేయవలయును గాని బాలికను గదిలో బెట్టి తలుపు వేయుట మందు గాదు.

కాబట్టి వేడుకను వేడుకగా మేము సమర్థింతుము. కాని యువకులు దీనికి వేడుకకంటె గొప్పపేరు పెట్టదలతురు. "మేము పల్లెవారి కష్టమును పంచుకొంటిమి, వారివలెనే యెండలో మాడితిమి, వారి సంగటి దింటిమి, దేశమును దెలిసికొంటిమి" అందురు. ఇచటనే మేము వారితో విభేదింతుము.

రెండవనాటి మధ్యాహ్నము ఒక చిన్న పల్లె మొగదల వేపచెట్టునీడ నాగితిమి. ఒక వృద్ధురాలు చెంబుతో నీళ్లు దెచ్చి యిచ్చి యడిగినది: "యాడికి పోతాండారు నాయనా? ఏం పని మింద వచ్చినారు?"

"పనేమీ లేదవ్వా. ఊరికే తిరగడానికి వచ్చినాము."

"పని లేకుండా ఈ దోవన ఎవురొస్తారప్పా!" అని యామె నవ్వినది. ఆ నవ్వులో నెత్తిపొడుపు లేదు, నిజమైన యాశ్చర్యమే. అంతలో నాబాటనే యొక కాపు తన మోపెడుమీద ముందొక పాలక్యాను, వెనుక భార్య, ఆమె యొడిలో బిడ్డ, ప్రక్కన పచ్చిమేతమోపు పెట్టుకొని, తలకు తువ్వాలు దప్ప మఱియేమియు లేక, మేము సగము పగలు శ్రమపడి దాటిన యిసుకపట్టును నిదానముగా దాటిపోయెను. అతని కెవ్వరును బిరుదమియ్యరు. సాయంకాలము మరల నాత్రోవనే రావలయును, రేపును రావలయును.

భేదము సంగటిలో లేదు, ఎండలో లేదు, చాలించుటలో నున్నది. మేము చాలించదలచిన క్షణమున చాలింపవచ్చును. తారుబాట రెండు క్రోసుల దూరమున మాకొఱకు గాచికొనియే యున్నది. ఆ కాపునకు చాలించుట యనగా నిల్లు విడుచుటయే. చాలించుట తనచేతిలో నున్నవాడు, అది తనచేతిలో లేనివానితో సమాన కష్టము పడితినని చెప్పరాదు. అట్లు చెప్పుట అబద్ధము మాత్రమే కాదు, అపచారము కూడ. ఏలయన, ఆ మాటతో మనము వానికి ఋణపడియున్న సంగతి మాసిపోవును. పంచుకొన్నవానికి ఋణమేమి? మఱి ఋణ మున్నది.

ఆ ఋణము మొదట నీటిరూపమున నున్నది. తొట్టిబండి వచ్చిననాడు గాని నీరు లేని యూరిలో నొక చెంబెడు నీ రనగా నేమో పట్టణవాసి లెక్క వేయలేడు. అయినను ఆ సీమలో త్రోవన బోవువానికి నీ రీయని యిల్లు లేదు. దానికి డబ్బు చాచిన వారు నొచ్చుకొందురు. మన నీరు మనము మోసికొని పోవుటయే మొదటి మర్యాద. పుచ్చుకొనవలసి వచ్చిననాడు ఎవరి చేతినుండి పుచ్చుకొందుమో చూచుకొనుట రెండవది. బండిబాట ఊరితో ముగియదు; ఊరు దాటి వాడకు బోవును. తఱచుగా వాడకు బోవునది యూరిబాటకంటె గతుకైనదే. గతుకులకొఱకే వచ్చితిమను శూరులు ఆ తుదిదాక బోయి, అచటి యరుగుమీద గూర్చుండి, ఆ యింటి చెంబుతోనే త్రాగుదురా? కొండనెక్కుటకంటె కొందఱి కిది కష్టమైన యెక్కుడు. ఈ యెక్కుడు నెక్కనివాని సాహసము మా దృష్టిలో సగపాలే.

ఋణము రెండవరూపము నేల. యువకులు ఈ ప్రదేశమును నిర్మానుష్యమని పొగడుదురు. పంట కోసిన చేను ఖాళీస్థలము గాదు. వచ్చు వానకై గాచియున్న చేను. గట్టుమీద బండి నడపిన గట్టు తెగును. వాలున చక్రము దీసిన గాడి మొదటివానకే వంకయై పలుచని యెఱ్ఱమన్నును గొనిపోవును. బాటమీద నాఱబోసిన కాయ యొకని యేడాది కూడు. గొఱ్ఱెలమంద యెదురైన యంత్రము నాపవలయును గాని కొమ్ము నూదరాదు.

ఖాళీనేల యను భ్రమ యెంత ఘోరమునకు దారితీయునో ప్రపంచమంతయు జూచినదే. పారిసునుండి డాకారునకు ఆఫ్రికా యెడారులమీదుగా సాగు గొప్ప పందెము 1978 డిసెంబరులో మొదలైనది. 2015లో, అప్పటికి దక్షిణ అమెరికాకు మాఱిన ఆ పందెమును బెంగుళూరివాసి సి. యస్. సంతోష్ పూర్తిచేసి, అట్లు పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యెను. అది మెచ్చదగిన ధైర్యమే. కాని 1988నాటి పందెమున మాలిదేశములో పదియేండ్ల బాలిక యొకతె త్రోవ దాటుచుండగా పందెపుబండి తగిలి మరణించినది. పందెగాండ్రకు అది యెడారి. ఆ బాలికకు అది తన యూరిబాట.

ఇన్ని విధులు తలకెత్తిన నిక వేడుక యేమి మిగులునని యడుగవచ్చును. విధి వేడుకను జంపదు; డంబమును మాత్రమే చంపును. ప్రయాణము చేసినవాడు చూచినదానికి జవాబుదారియగుట మన దేశమునకు క్రొత్త గాదు. 1830లో చెన్నపురినుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకిని త్రోవ యెట్టిదో, నీరెచట దొరకునో, బస యెచట గలదో వ్రాసిపెట్టిరి. తరువాతివానికి పనికివచ్చుటయే ఆ వ్రాతకు బ్రయోజనము. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రోదొర శిస్తు వసూలు చేయుటకే వచ్చినవాడు. అతనిని ఋషిగా జేయ నక్కఱలేదు. అయినను డేరాలలో నివసించుచు ఊరూర దిరిగి చూచినవాడగుటచేత, పోవునప్పుడు ఆ శిస్తును నాలుగవవంతు తగ్గింపవలయునని సిఫారసు చేసెను. పైవారు అప్పుడు వినలేదు. మచిలీపట్నముననో చెన్నపురిలోనో గూర్చున్నవానికి ఆ మాట వ్రాయుటకు దోచియుండునా? చూచినవానికి తెలియదనుటకు వీలు లేదు. ఆ వీలు పోవుటయే యాత్రాఫలము.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. పిల్లలను, కొడుకులనేమి కూతులనేమి, ఈ బాటల బట్టి పోవద్దని యాపకుడు. శిరస్త్రాణము పెట్టించి, నీళ్లు గట్టించి పంపుడు. తిరిగివచ్చిన పిదప నెన్ని మైళ్లు పోతివి, ఎంత వేగమున బోతివి యని యడుగకుడు. ఎవరి నీరు త్రాగితివి, ఎవరి గట్టుమీదుగా బోతివి, ఆ యూరికి బాట యేల లేదో యెవరినైన నడిగితివా యని యడుగుడు. జవాబు చెప్పలేనివారిని తిట్టవలదు, మరల బంపుడు. జవాబు చెప్పినవారు తమకు దెలిసినదానితో నేమి చేయదలచిరో కనిపెట్టి, అందు తోడ్పడుడు.