మోసపోవద్దు, మోసాన్ని దాచవద్దు



దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ దానిలోకి చేయి పెట్టి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వర్తకుడు జవాబిచ్చాడు. అలాంటప్పుడు తడి గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఈ సంఘటన ఉంది.

ఇక్కడ ఆయన రెండు పనులు చేశారు. పైకి బాగున్న రాశిని చేయి పెట్టి పరీక్షించారు. లోపల తడి ఉందని తెలిశాక మౌనంగా వెళ్ళిపోకుండా దానిని బయటపెట్టారు. ఈ రెండు పనులూ మన బాధ్యతే.

నేడు అలాంటి రాశులు ఈమెయిల్ రూపంలో నేరుగా మన ఇళ్ళలోకే వస్తున్నాయి. మీరు కొనని లాటరీలో కోట్లు గెలిచారని ఒక ఉత్తరం. మరణశయ్యపై ఉన్న ఒక వితంతువు తన ఆస్తినంతా మీ చేతుల మీదుగా దానం చేయాలనుకుంటోందని మరొకటి. మనం ముస్లిములమని తెలిస్తే అందులో సలాము, దుఆ, జకాతు మాటలు కూడా చేరుతాయి. చివరకు అడిగేది మాత్రం ఒకటే: ముందుగా కొంత రుసుము పంపండి. అది పంపితే ఇంకో రుసుము. నైజీరియా శిక్షాస్మృతిలోని 419వ సెక్షన్ పేరుతో ఈ పద్ధతి ప్రపంచమంతటా అపకీర్తి పొందింది.

గల్ఫ్ ఉద్యోగాల పేరిట వచ్చే ఉత్తరాలు మనకు మరీ ప్రమాదకరం. నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు గల్ఫ్ జీతాల మీద ఆధారపడి ఉన్నాయి. పెద్ద కంపెనీ ముద్రతో నియామకపత్రం వస్తుంది. వీసాకు, వైద్య పరీక్షకు డబ్బు కట్టమంటారు. అమ్మీ గాజులు తాకట్టుకు పోతాయి. ఉద్యోగం మాత్రం రాదు.

దుర్మార్గుడు ఏదైనా వార్త తెస్తే విచారించి నిర్ధారించుకోమని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరాలో విశ్వాసులను ఆదేశించింది. కనుక పంపినవారి పేరును చూసి నమ్మకండి. ఆ పేరు వెనుక ఉన్న అసలు చిరునామా చూడండి. లింకు నొక్కకుండా బ్యాంకు శాఖకు వెళ్ళి అడగండి. విదేశీ ఉద్యోగమైతే ఆ ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులోని రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూడండి. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకండి. తిట్టడానికైనా సరే జవాబు రాయకండి. మీ చిరునామా వాడుకలో ఉందని వారికి తెలిసిపోతుంది.

విన్న ప్రతి మాటనూ ఇతరులకు చేరవేయడం కూడా మనిషిని అబద్ధాలకోరుగా నిలబెడుతుందని హదీసు బోధిస్తోంది. పుణ్యమనుకుని అలాంటి ఉత్తరాన్ని బంధువులకు పంపితే, మోసగాడి పనిని మనమే చేసిపెట్టినట్లు అవుతుంది.

ఇక రెండవ బాధ్యత. చాలామంది అలాంటి ఉత్తరాన్ని చెరిపేసి ఊరుకుంటారు. మీరు తప్పించుకున్నారు, బాగుంది. మరి పొరుగింటి ముసలాయన సంగతి? సాక్ష్యాన్ని దాచవద్దని అల్ బఖరా సూరా ఆదేశిస్తోంది. ఈమెయిల్‌లోనే స్పామ్ అనో ఫిషింగ్ అనో ఫిర్యాదు చేసే మీట ఉంటుంది. అది నొక్కితే అలాంటి ఉత్తరాలను గుర్తించి ఆపడానికి ఆ సంస్థకు సాయపడినట్లే. ఎవరి పేరు వాడుకున్నారో ఆ బ్యాంకుకూ తెలియజేయండి.

డబ్బు పోయి ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సొమ్ము ఒక ఖాతా నుండి మరో ఖాతాకు వేగంగా మారిపోతుంది. అది చేతులు దాటక ముందే తెలిస్తే ఆపగలిగే అవకాశం ఉంటుంది. అసలు ఉత్తరాన్ని చెరపకండి. అది ఎక్కడి నుండి వచ్చిందో తెలిపే వివరాలు అందులోనే ఉంటాయి. లావాదేవీ నంబరు, తేదీ, సమయం రాసి ఉంచుకోండి.

పరువు పోతుందని దాచేవారున్నారు. అబ్బాజాన్ కోప్పడతారని కొడుకు, కోడలు నవ్వుతుందని అత్తగారు నోరు విప్పరు. ఆ మౌనమే మోసగాడికి పెట్టుబడి. మోసపోయినవాడు బాధితుడు. అతణ్ణి ఎగతాళి చేసే ఇంట్లో రేపు ఇంకొకరు మోసపోయినా చెప్పరు. మీ ఇల్లు అలాంటిది కాకుండా చూసుకోండి.

యువకులారా! కమీషన్ ఇస్తామంటే మీ బ్యాంకు ఖాతాను, సిమ్ కార్డును ఎవరికీ ఇవ్వకండి. దోచిన సొమ్ము అలాంటి ఖాతాల గుండానే దాటిపోతుంది. ఏ తల్లి కన్నీటి నుండి వచ్చిందో తెలియని ఆ నాలుగు రూపాయలకు చట్టం ముందు, ప్రళయదినాన అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి.

దుర్మార్గుడైన సోదరుడికి ఎలా సహాయపడాలని సహాబీలు అడిగినప్పుడు, అతణ్ణి దుర్మార్గం చేయకుండా ఆపడమే సహాయమని ప్రవక్త (స) వివరించారు. మనం చేసే ఒక్క ఫిర్యాదు బాధితుడి సొమ్మును కాపాడవచ్చు, మోసగాడిని మరో పాపం నుండి ఆపవచ్చు.

అల్లాహ్ మన సంపాదనను ధర్మసమ్మతంగా ఉంచుగాక! మోసాన్ని గుర్తించే వివేకాన్ని, దానిని బయటపెట్టే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.