ఎండ దోషమా? ఏర్పాటు దోషమా?

సూర్యుడు పక్షపాతమెఱుగడు. మేడమీదను, గుడిసెమీదను ఒకే తీరున కాయును. అయినను వడదెబ్బకు గురియగువారిని పరిశీలించినచో ఆ సమత్వము కానరాదు. మిట్టమధ్యాహ్నము రాళ్లు కొట్టువారు, ఇటుకలు మోయువారు, వృద్ధులు, పసిబిడ్డలు ముందుగా కూలుదురు. ఈ మరణములు దైవికములా, మానుషములా?

మానవదేహము సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిని నిలుపుకొనవలెను. చెమట ఆఱుటచే ఒడలు చల్లబడును. గాలిలో తేమ హెచ్చినచో చెమట ఆఱదు. దేహమున నీరు తగ్గినచో చెమటయే తగ్గును. లోపలి వేడిమి 40 డిగ్రీలకు చేరినప్పుడు మతి తప్పును. మెదడు, గుండె, మూత్రపిండములు దెబ్బతినును. అట్టివారిని వెంటనే నీడకు చేర్చి, ఒడలు నీటితో తడిపి, విసరుచు వైద్యశాలకు తరలింపవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

ముందుచూపు ఉన్నచో ఇంతవరకు రానవసరము లేదు. దీనికి అహమ్మదాబాదు నగరము నిదర్శనము. 2010 మే నెలలో అచట ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరెను. ఆ నెలలో సాధారణముకంటె 1,344 మరణములు అధికముగా సంభవించినట్లు పరిశోధకులు లెక్కించిరి. నగరపాలకులు విధియని ఊరకుండక, 2013లో ముందస్తు హెచ్చరికలు, వైద్యసిబ్బందికి శిక్షణ, ప్రజలకు ప్రబోధము కూడిన ప్రణాళికను అమలుపఱచిరి. 2015 వేసవిలో దేశమున రెండు వేలమందికి పైగా వడగాలులకు బలియైరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. పిమ్మట ఈ రాష్ట్రములును అట్టి ప్రణాళికలను చేపట్టినవి.

"ఎండలు పూర్వము లేవా? పెద్దలు ఓర్చుకొనలేదా?" అని కొందఱందురు. తన కష్టమును తానోర్చుట సద్గుణమే. ఇతరుల కష్టమును చూచి ఓర్చుట ఓర్పు కాదు, ఉపేక్ష. అదియునుగాక, బొగ్గు, చమురుల దహనముచే భూతాపము పెరిగి వడగాలులు తీవ్రమగుచున్నవి. ఆ సుఖమును అనుభవించువారొకరు, ఫలమును అనుభవించువారొకరు!

చలివేంద్రము పెట్టుట పుణ్యకార్యమే. కాని నీరు త్రాగవచ్చిన కూలివానికి ఆ జాగునకై కూలి తగ్గించినచో పుణ్యమెక్కడిది? దానము సులభము, తన లాభమున కొంత విడుచుట కష్టము. కాయకమును గౌరవించు సమాజము ఆ కాయకము చేయు కాయమును కాపాడవలదా? పనిని తెల్లవారుజామున ఆరంభించి, మధ్యాహ్నము విరామమిచ్చి, కూలిని తగ్గింపకుండవలెను. పనిచోట నీడ, నీరు, ఉప్పు కలిపిన మజ్జిగ ఉండవలెను. ఇంటికప్పుపై తెల్లసున్నము పూసినచో లోపలి వేడి కొంత తగ్గును. ఒంటరి వృద్ధులను దినమునకొకమారైనను పలుకరింపవలెను.

ఎండను తగ్గించుట ఒక్క ఊరి చేతిలో లేదు. ఎండలో నిలిచినవానిని నీడకు పిలుచుట పని చేయించు ప్రతివాని చేతిలోను కలదు. చేతనైనది చేయక విధిని నిందించుట ధర్మము కాదు.