తిరిగొచ్చిన వాళ్లను నిలదీసేదెవరు?

పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కు కొనసాగింపు వస్తోందనగానే మనం మొదట అడిగేది ఒకటే: మనవాళ్లు ఉన్నారా? కథేమిటన్నది తర్వాత. నేనూ అదే అడుగుతాను. ఏళ్ల తరబడి మనింట్లో మసలిన మనుషులు వాళ్లు, అడక్క ఎలా ఉంటాం? కానీ వాళ్ల రాక కొత్త కథకు మేలు చేస్తుందా అన్నప్పుడు నాకు 1992లో వచ్చిన ఒక ఎపిసోడ్ గుర్తొస్తుంది.

‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’లో ‘రెలిక్స్’ అది. 1966లో మొదలైన పాత సీరియల్‌లోని ఇంజనీరు స్కాటీ, కూలిన ఓ నౌకలో, మనుషుల్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే ట్రాన్స్‌పోర్టర్ యంత్రంలో 75 ఏళ్లు నిక్షిప్తమై ఉండి, వయసు పెరగకుండానే కొత్త తరం మధ్య కళ్లు తెరుస్తాడు. సంబరంగా కొత్త ఎంటర్‌ప్రైజ్ ఇంజన్ గదికి వెళ్తాడు. రిటైరైన పెద్దాయన తన పాత సెక్షన్‌కు వెళ్లి ఫైళ్లు తిరగేస్తుంటే అక్కడివాళ్లు మొహమాటానికి ఊరుకుంటారు కదా, అలాగే కాసేపు ఊరుకున్న యువ ఇంజనీరు జోర్డీ చివరికి విసుక్కుంటాడు. మనసు చిన్నబుచ్చుకున్న స్కాటీ, కోరిన చోటును కళ్లకు కట్టించే హోలోడెక్‌కు వెళ్లి తన పాత నౌకను నడిపే గదిని, అంటే బ్రిడ్జిని, రప్పించుకుంటాడు. అన్ని దీపాలూ వెలుగుతుంటాయి, కుర్చీలన్నీ ఖాళీ. లేని స్నేహితుల పేర గ్లాసు ఎత్తుతాడు. కెప్టెన్ పికార్డ్ వచ్చి పక్కన కూర్చుంటాడు. ఇద్దరూ తమ తొలినాళ్ల నౌకల గురించి మాట్లాడుకుంటారు. ఇది నిజం కాదు, ఇందులో దాక్కోవాలని చూస్తున్న ముసలివాణ్ణి నేను అన్న అర్థం వచ్చేలా చెప్పి, స్కాటీయే దాన్ని ఆపించేస్తాడు.

ఆ బ్రిడ్జి మొత్తాన్ని మళ్లీ కట్టే డబ్బు నిర్మాతల దగ్గర లేదు. కొంత భాగమే కట్టి, మిగతాది పాత ఎపిసోడ్‌లోని ఖాళీ బ్రిడ్జి దృశ్యంతో అతికారు. ఆ పేదరికం కూడా కథకు కలిసొచ్చిందనిపిస్తుంది నాకు. గతం అక్కడ కాసేపు నిలబడి వెళ్లిపోవడానికే వచ్చింది.

ఇంకో సంగతీ చెప్పుకోవాలి. ఆ సీరియల్ పాతవాళ్లను అడ్డం పెట్టుకుని మొదలు కాలేదు. 1987లో తొలి కథలో పాత సీరియల్ డాక్టరు మెకాయ్ వృద్ధుడిగా ఒక్క దృశ్యంలో కనిపించి, కొత్త బృందంలోని ఆండ్రాయిడ్ డేటాతో కలిసి నడవాలో నాలుగు మాటలాడి వెళ్లిపోతాడు. పాత సీరియల్‌లోని స్పాక్ రావడానికి అయిదో సీజన్ దాకా, 1991 దాకా ఆగారు. ఈలోగా కొత్తవాళ్లయిన పికార్డ్, రైకర్, వార్ఫ్ తమ కాళ్ల మీద తాము నిలబడ్డారు. అందుకే స్కాటీ వచ్చినప్పుడు అతనికి ఎదురుచెప్పగల మనుషులు అక్కడ ఉన్నారు.

తర్వాత పికార్డే పాతవాడయ్యాడు. 2020లో మొదలైన ‘స్టార్ ట్రెక్: పికార్డ్’ తొలి సీజన్‌లో రైకర్, ట్రోయ్ దంపతులు నెపెంథె అనే గ్రహం మీద అడవి మధ్య ఇంట్లో కనిపిస్తారు. రైకర్ పిజ్జా చేస్తుంటాడు. పెరట్లో టమాటాలు. మనకు తెలిసిన నవ్వే, కానీ వెనక కొడుకు పోయిన దుఃఖం ఉంది. ఆ బిడ్డ జబ్బుకు మందు ఉండేదే, ఆండ్రాయిడ్ల మీద నిషేధం వల్ల అందలేదు. మనం చూడని ఏళ్లు వాళ్ల ఒంటి మీదుగా నడిచి వెళ్లాయి. తిరిగి రావడమంటే నాకు అది. అదే సీజన్ చివర, 2002 నాటి సినిమాలో చనిపోయిన డేటా తాలూకు మిగిలిన చైతన్యం, తనను ఆపేయమని పికార్డ్‌ను కోరుతుంది. ముగింపు ఉంటేనే అది జీవితం అని దాని వాదన. పికార్డ్ ఆ మాట నిలబెట్టాడు. మూడేళ్లకు డేటాను మళ్లీ కొత్త ఒంట్లో బతికించారు. స్నేహితులతో అతన్ని చూసి నా కళ్లు చెమర్చిన మాట నిజమే. అయినా ఒక మనిషి కోరి తెచ్చుకున్న మరణాన్ని, మన ముచ్చట కోసం వెనక్కి తీసుకోవడం అన్యాయం.

2023 నాటి మూడో సీజన్‌లో పాత బృందమంతా ఒకచోట చేరుతుంది. జోర్డీ ఏళ్ల తరబడి రహస్యంగా బాగుచేసిన వాళ్లనాటి నౌక, ఎంటర్‌ప్రైజ్-డి తలుపులు తెరుచుకుంటాయి. పికార్డ్ అక్కడి తివాచీని తలుచుకుంటాడు. ఆ పది నిమిషాలు నాకూ ఇష్టం. అయితే కథ ఏం చేసిందో చూడండి. మనుషుల్ని పట్టి తమలో కలిపేసుకునే శత్రువులు బోర్గ్‌లు, ట్రాన్స్‌పోర్టర్ల ద్వారా వీళ్ల నౌకాదళం స్టార్‌ఫ్లీట్‌లో పాతికేళ్లు దాటని వాళ్లందరినీ లొంగదీసుకుంటారు. కొత్త తరం మొత్తం ఒక్క దెబ్బకు శత్రువైపోతుంది. లోకాన్ని కాపాడటానికి మిగిలింది ముసలివాళ్లు, వాళ్ల పాత నౌక. 1992లో స్కాటీ ఆపేయమన్నలాంటి పాత బ్రిడ్జినే ఇక్కడ రక్షణ కవచం చేశారు. తొలి రెండు సీజన్లలో పరిచయమైన కొత్తవాళ్లలో రాఫీ తప్ప ముఖ్యులెవరూ అప్పటికి కథలో లేరు.

నాకు ఆ సీజన్‌లో మిగిలిపోయేది వేరే మనిషి. టైటన్ నౌక కెప్టెన్ లియమ్ షా. పాత సీరియల్‌తో ఏ చుట్టరికమూ లేని పాత్ర. నాలుగో ఎపిసోడ్‌లో అతను పికార్డ్ ముందుకొచ్చి వోల్ఫ్ 359 యుద్ధం గురించి చెబుతాడు. బోర్గ్‌ల చేతచిక్కిన పికార్డ్, వాళ్ల గొంతుకగా మారి సొంత నౌకల మీదికి వెళ్లిన యుద్ధం అది. షా నౌకలో యాభై మంది మిగిలారు, తప్పించుకునే వాహనంలో పదిమందికే చోటు. ఒక అధికారిణి వేలు పెట్టి చూపిన పదిమందిలో షా ఒకడు. తననెందుకు ఎంచిందో అతనికి ఈనాటికీ తెలియదు. పికార్డ్ నోరెత్తలేదు. 1990లో మనం ఆ కథను పికార్డ్ బాధగా చూశాం. ముప్పై ఏళ్ల తర్వాత ఇక్కడ అవతలి పక్కన చచ్చినవాళ్ల తరఫున మాట్లాడింది ఒక కొత్త పాత్ర. మరుసటి ఎపిసోడ్‌లో రో లారెన్ కూడా అంతే. 1994లో పికార్డ్ నమ్మకాన్ని కాదని వెళ్లిపోయిన అమ్మాయి, జుట్టు నెరిసి ఎదుట నిలబడి, నువ్వు నన్నెప్పుడు అర్థం చేసుకున్నావని అడుగుతుంది. ఈ రెండు చోట్లా పికార్డ్ ఇంతకుముందు మనకు తెలియని మనిషిగా మారాడు. అతన్ని తీసుకొచ్చినందుకు ఫలం దక్కింది అక్కడే.

షా తొమ్మిదో ఎపిసోడ్‌లో చనిపోతాడు. అప్పటిదాకా తాను ఒప్పుకోని సెవెన్ ఆఫ్ నైన్ అన్న పేరుతోనే తన సహాధికారిని పిలిచి, నౌకను ఆమెకు అప్పగించి పోతాడు. ఎంటర్‌ప్రైజ్-డి బయటికి వచ్చేదీ అదే ఎపిసోడ్‌లో. ఇక ఆ నౌక మీద ఉన్నవాళ్లంతా పికార్డ్ స్నేహితులే. నువ్వేం చేశావని అతన్ని అడిగేవాళ్లు ఒక్కరూ లేరు.