అమ్మడూ, ముందు వాళ్ళ ఊరు చూడు

అమ్మడూ,

జపాన్ బడిలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చిందనీ, టోక్యోలో కాకుండా ఎక్కడో షిమానెలో వేశారని నువ్వు డీలా పడ్డావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. శని, ఆదివారాలకు ఇప్పటినుంచే జాబితా కూడా రాసుకున్నావట. క్యోటో, నారా, ఒసాకా, ఫుజి కొండ. నీ వయసుకు అది సహజమే. మీ మావయ్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పుణ్యమా అని ఆ షిమానెలోనే, మత్సుఎ ఊళ్ళో కాపురం చేసినదాన్ని నేను. (అంత మారుమూల ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఏమిటని మన వాళ్ళందరూ అడిగేవారు. రూబీ అనే కంప్యూటర్ భాషను తయారుచేసిన మాట్సుమోతో గారుండేది ఆ ఊళ్ళోనే.) నువ్వు చేయబోయే పనే అక్కడి బళ్ళలో నేనూ చేశాను కాబట్టి, అడక్కపోయినా నాలుగు మాటలు చెబుతాను.

తిరగొద్దని అనను. తిరగాలి. పరాయి దేశం వెళ్ళి సెలవు రోజంతా గదిలో పడుకుని ఫోన్ చూసుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాకపోతే ముందు నీ దగ్గర చదువుకునే పిల్లలు తిరిగే చోట్లు తిరుగు. వాళ్ళు ఎక్కే బస్సు చివరి స్టాపు దాకా ఎక్కు. వాళ్ళ అమ్మలు కూరలు కొనే చోట కూరలు కొను. క్యోటో వెయ్యేళ్ళకు పైగా అక్కడే ఉంది, ఇంకో ఆరు నెలలు ఆగుతుంది.

ఎందుకంటావా? నీ పని గురించి ముందు చెప్పాలి. అక్కడ నువ్వు టీచరువి కాదు, సహాయకురాలివి. ఏఎల్‌టీ అంటారు. క్లాసు వాళ్ళ టీచరుది. ప్రాథమిక బడిలోనైతే చాలాచోట్ల క్లాసు టీచరే ఇంగ్లీషు కూడా చెబుతుంది, హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు వేరే ఉంటారు. 2020 నుంచి ఐదు, ఆరు తరగతులకు ఇంగ్లీషు మార్కులున్న సబ్జెక్టు అయింది. ఏడాదికి 70 పీరియడ్లు. మూడు, నాలుగు తరగతులకు 35, అవి పాటలూ ఆటలతో సరి. ఆ క్లాసు టీచర్లలో చాలామంది లెక్కలు, సైన్సు, సంగీతం, ఈత అన్నీ తామే చెబుతూ దాని మీద ఇంగ్లీషు కూడా నెత్తికెత్తుకున్నవాళ్ళు. వాళ్ళ ఉచ్చారణ తప్పుంటే పిల్లల ముందు దిద్దకు. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు సరిగ్గా పలుకు, చాలు. పాఠం గురించి మాట్లాడుకోవడానికి వాళ్ళకు తీరిక ఉండదు. సాయంత్రం ఏడు దాకా స్టాఫ్ రూమ్‌లోనే ఉంటారు పాపం. పీరియడ్ల మధ్య దొరికే ఐదు నిమిషాల్లో అడగాల్సింది అడుగు, లేదంటే చీటీ రాసి బల్ల మీద పెట్టు.

నీ యాస గురించి బెంగ పెట్టుకోకు. అమెరికా యాస తెచ్చిపెట్టుకున్నావో, రెండో వారానికే పిల్లలు పసిగట్టేస్తారు. కావలసిన అమెరికా గొంతు పాఠ్యపుస్తకంతోపాటే ఆడియోలో వస్తుంది. ఒక విషయంలో మాత్రం తెలుగువాళ్ళం మనం కొంచెం ముందున్నాం. ఇంగ్లీషు మాట చివర అచ్చు తగిలించే అలవాటు మనదీ వాళ్ళదీ ఒకటే. మనం బస్సు, రోడ్డు, మిల్కు అంటాం, వాళ్ళు బసు, మిరుకు అంటారు. ఆ అచ్చు ఎలా రాలగొట్టాలో నీకు చిన్నప్పుడు మీ టీచరు నేర్పే ఉంటుంది. అదే నేర్పు. ర, ల ఒకటిగా వినిపించే చెవికి తేడా చూపించాలంటే నాలుక ఎక్కడ తగులుతోందో నోరు తెరిచి చూపించాలి. సిగ్గుపడకుండా చూపించు, నవ్వనీ.

అసలు కష్టం ఇదేదీ కాదమ్మా. నిశ్శబ్దం. ప్రశ్న వేస్తావు. ముప్పై మంది పుస్తకంలోకి చూస్తారు. వాళ్ళకు రాక కాదు, పదిమందిలో తప్పు చెబుతామేమోనని భయం. నీకు జవాబు ముందే తెలుసన్న సంగతి వాళ్ళకు తెలుసు. తెలిసిన జవాబు కోసం ఎవరు నోరు విప్పుతారు? పెన్సిలు చూపించి ఇదేమిటని అడిగితే పన్నెండేళ్ళవాడికి ఏం చెప్పాలనిపిస్తుంది?

నీకు నిజంగా తెలియనిది, వాడికి బాగా తెలిసినది అడుగు. అప్పుడు చూడు. మత్సుఎ పక్కనే షిన్‌జి అనే సరస్సు ఉంది. అందులో షిజిమి అనే చిన్న నల్లటి ఆల్చిప్పలు దొరుకుతాయి. పొద్దున్నే చిన్న పడవల మీద పొడుగు కర్రకు బుట్ట కట్టిన పారల్లాంటి వాటితో అడుగు గీరుతుంటారు. ఒక ఆదివారం గట్టు మీద కూర్చుని అది చూసి, మర్నాడు ఆరో తరగతిలో బోర్డు మీద ఆ కర్ర బొమ్మ వేసి, ఇదేమిటో నాకు తెలియదు, ఎలా పనిచేస్తుంది, ఆ గవ్వలు ఎలా తింటారు అని ఇంగ్లీషులో అడిగాను. అంతవరకూ తన పేరు తప్ప ఏమీ పలకని కుర్రాడొకడు లేచాడు. బోర్డు దగ్గరికి వచ్చి నా బొమ్మ చెరిపేసి, సరిగ్గా వేశాడు. "మిసో సూప్. వెరీ గుడ్. నో ఈట్ షెల్" అన్నాడు, నేను ఎక్కడ గవ్వ కూడా మింగేస్తానో అని. క్లాసంతా గొల్లుమంది. వ్యాకరణం సంగతి ఆనక, వాడు ఒకరికి పనికొచ్చే మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఆ ఆదివారం నేను క్యోటోలో బంగారు గుడి చూసి వచ్చి ఉంటే సోమవారం నేను చెప్పాలి, వాళ్ళు వినాలి. మళ్ళీ మామూలే.

ఇది నా కనిపెట్టుడేమీ కాదు. 1890లో లఫ్కాడియో హెర్న్ అనే ఆయన ఇదే మత్సుఎకు ఇంగ్లీషు టీచరుగా వచ్చాడు. పుట్టింది గ్రీకు దీవిలో, పెరిగింది ఐర్లండులో, పత్రికల్లో పనిచేసింది అమెరికాలో. ఒక కన్ను లేదు, రెండో కన్నూ అంతంతమాత్రం. మత్సుఎలో పట్టుమని పదిహేను నెలలు కూడా లేడు, చలికి తట్టుకోలేక దక్షిణాన కుమమోతోకు వెళ్ళిపోయాడు. అయినా జపాన్ గురించి ఆయన 1894లో వేసిన పుస్తకం చాలావరకూ ఆ కొద్ది నెలల ఊరే. అందులో ఇంగ్లీషు టీచరు డైరీ అని ఒక అధ్యాయం ఉంది. విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన వ్యాసాల్ని అందులో ఎంత మర్యాదగా ఎత్తి రాశాడో చూడు. ఎగతాళి లేదు. మత్సుఎకే చెందిన సెత్సు అనే అమ్మాయిని పెళ్ళాడి, కొయిజుమి యకుమో అని పేరు మార్చుకుని, ఆమె చెప్పిన దెయ్యాల కథలు రాశాడు. మత్సుఎ కోట కందకం పక్కన ఆయనున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. వెళ్ళగానే చూడు. వెళ్ళేముందు ఆ పుస్తకం చదువు. మూడు వారాల విహారయాత్రికుడికి ఆ పుస్తకం చేతకాదు.

ఇక మధ్యాహ్న భోజనం. ఇది బడిలోనే తిరగాల్సిన దేశం అనుకో. గంట కొట్టగానే ఆ వారం వంతు వచ్చిన పిల్లలు తెల్ల ఏప్రాన్, టోపీ, మాస్కు వేసుకుని వంటగది నుంచి గంగాళాలు, పాల పెట్టెలు క్లాసులోకి మోసుకొస్తారు. ఆరేళ్ళ పిల్ల గరిటె పట్టుకుని సూపు అందరికీ సమానంగా రావాలని కళ్ళు చికిలించి పోస్తుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. బల్లలు కలిపేసుకుని, అందరికీ వచ్చాక ఒక్కసారిగా మొదలుపెడతారు. టీచరూ అదే తిండి, అక్కడే. తిన్నాక గది ఊడ్చేదీ, వరండా తుడిచేదీ వాళ్ళే. నువ్వూ గుడ్డ పట్టుకో.

నువ్వు చేప తినవు కాబట్టి చిక్కుంది. అక్కడ కనిపించే చేప కంటే కనిపించని చేప ఎక్కువ. మిసో సూపులో, నూడుల్స్ రసంలో, ఉడకబెట్టిన కూరలో కూడా ఎండు చేప చెక్కల రసమే పునాది. కూరగాయలే కదా అని అడిగితే అవునంటారు, అబద్ధమాడి కాదు, ఆ రసం వాళ్ళ లెక్కలో చేప కాదు. చేరకముందే ఏం తినవో రాసి బడికి ఇవ్వు. డబ్బా కట్టుకు వెళ్ళు. కానీ స్టాఫ్ రూమ్‌లో ఒక్కదానివీ కూర్చుని తినకు, క్లాసులోనే తిను. నీ డబ్బాలో పులిహోర చూసి ఆ పచ్చ రంగేమిటని అడుగుతారు. అదీ ఇంగ్లీషు పాఠమే.

షిమానె రైళ్ళు టోక్యో రైళ్ళలా ఉండవు. ఒకటో రెండో పెట్టెల బండి, డ్రైవరు ఒక్కడే. వెనక తలుపులో ఎక్కి, పక్కనున్న డబ్బా నుంచి అంకె వేసిన చీటీ లాగాలి. డ్రైవరు నెత్తి మీది బోర్డులో నీ అంకె కింద ఛార్జీ స్టేషను స్టేషనుకూ పెరుగుతుంటుంది. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర చిల్లర వేసి దిగు. బండి తప్పితే తరవాతిది గంటకో రెండు గంటలకో. అలాంటి బండిలోనే ఇజుమో మహామందిరానికి వెళ్ళు. పాత పంచాంగం ప్రకారం పదో నెలలో జపాన్ దేవుళ్ళందరూ అక్కడికి సభకు వస్తారని నమ్మకం. అందుకే మిగతా దేశమంతా దేవుళ్ళు లేని నెల అంటే, ఇజుమోలో దేవుళ్ళున్న నెల అంటారు. ఇవామి వెండి గనులు, 2007లో యునెస్కో జాబితాలో చేరినవి, అదే ప్రాంతం. ఓకి దీవులకు షిచిరుయి రేవు నుంచి ఓడ ఉంది. సముద్రం బాగోకపోతే ఓడ ఆగిపోతుంది, సోమవారం బడి ఉందని దానికి తెలియదు. కాబట్టి దీవులకు బడి సెలవుల్లో వెళ్ళు. అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోవద్దని అక్కడో సామెత. ఎందుకో నవంబరులో నీకే తెలుస్తుంది.

దూరాలకు వెళ్ళాలంటే బడి సెలవుల్లో సెయిషున్ 18 అని ఒక టికెట్టు అమ్ముతారు. పేరులో పద్దెనిమిది ఉన్నా ఏ వయసువాళ్ళైనా కొనచ్చు. వరసగా ఐదు రోజులకు 12,050 యెన్లు, మూడు రోజులకు 10,000. ప్యాసింజరు బళ్ళే ఎక్కాలి. మన వాళ్ళు గొప్పగా చెప్పే జేఆర్ రైలు పాస్ యాత్రికులకే, అక్కడ ఉద్యోగం చేసే నీకు ఇవ్వరు. ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే వరస సెలవుల్లో మాత్రం కదలకు. సంక్రాంతికి విజయవాడ బస్టాండు నయం. హిరోషిమాకు వెళ్ళు, తప్పకుండా. అయితే సరదా ప్రయాణాల మధ్యలో ఇరికించకు. దానికోసమే ఒక రోజు పెట్టుకుని వెళ్ళు. ఎక్కడికి వెళ్ళినా స్టాఫ్ రూమ్‌కు విడివిడిగా చుట్టిన మిఠాయిల పెట్టె ఒకటి తేవడం, బల్లకొకటి పెట్టడం మరవకు. అది వాళ్ళ పద్ధతి. ఆ పూట నీతో మాట్లాడని లెక్కల మాస్టారు కూడా మాట్లాడతాడు.

డబ్బు సంగతి గబగబా చెప్పేస్తాను. ప్రభుత్వ పథకం ద్వారా వెళ్ళేవాళ్ళకు చింత లేదు, నిన్ను పంపేది మధ్యవర్తి కంపెనీ. ఒప్పందం ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉంటుంది. ఆగస్టులో చాలా రోజులు బడి ఉండదు కదా, ఆ నెల జీతం పూర్తిగా ఇస్తారా అని రాతపూర్వకంగా అడుగు. ఆరోగ్య బీమా, పెన్షన్ వాళ్ళు కడతారా, నువ్వు కట్టుకోవాలా అన్నదీ అడుగు. మొదటి ఏడాది చేతికి ఎక్కువ మిగిలినట్టు ఉంటుంది. నివాస పన్ను కిందటేటి సంపాదన మీద రెండో ఏడాది జూన్ నుంచి వస్తుంది, దానికి పక్కన పెట్టుకో. వచ్చేసిన రెండేళ్ళ లోపు అడిగితే కట్టిన పెన్షన్‌లో కొంత తిరిగిస్తారు. మనకూ జపాన్‌కూ మధ్య 2016 అక్టోబరు నుంచి సామాజిక భద్రత ఒప్పందం ఉంది, ఆ డబ్బు తీసేసుకుంటే అక్కడ పనిచేసిన కాలం అందులో లెక్కకు రాదు. ఏది మేలో మీ నాన్నతో కూర్చుని చూసుకో.

చాలా బళ్ళలో ఆటల పండగ మే చివర్లో ఒక శనివారం పెడతారు. తాతలూ అమ్మమ్మలూ పట్టలు పరుచుకుని వస్తారు. పిల్లలు నువ్వు వచ్చావా లేదా అని గుంపులో వెతుకుతారు. నీకు ఆ రోజు డ్యూటీ ఉండదు, రమ్మని ఎవరూ అనరు. అయినా వెళ్ళు. మే ఆఖరి శనివారానికి క్యోటో హోటల్ బుక్ చేశావని మీ నాన్న అన్నాడు. డబ్బు వెనక్కి వచ్చే గడువు దాటకముందే దాన్ని రద్దు చేసుకో.

మీ అత్తయ్య