మనవాళ్లకి పెట్టడం దానమేనా?



అన్నదానం మీద పోయిన వీడియో కింద ఒకరు అడిగారు: "నెలనెలా ఇంటికి డబ్బు పంపిస్తాను కదా, అది దానం కిందికి రాదా?" మంచి ప్రశ్న. శాస్త్రం చెప్పే పెద్దలు వేరే ఉన్నారు. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఒక సముద్రపు జీవి దగ్గర మొదలుపెడతాను.

దాని పేరు హైడ్రాక్టీనియా. హెర్మిట్ క్రాబ్ అనే పీత మోసుకు తిరిగే నత్తగుల్ల మీద పెరుగుతుంది. మొదట ఉండేది ఒక్కటే పాలిప్. అంటే ఒక చిన్న గొట్టం, పైన నోరు, చుట్టూ చేతుల్లాంటి పోగులు. దాని అడుగు నుంచి బోలు తీగలు పాకుతాయి, వాటి మీద కొత్త పాలిప్‌లు మొలుస్తాయి. అన్నిటి కడుపులూ ఆ తీగల్లోంచి కలిసే ఉంటాయి. ఒకటి తిన్నది సగం అరిగి, ద్రవంగా మారి అందరికీ వెళ్తుంది. గుండె లేదు. తిన్న పాలిప్పే ముడుచుకుని, సాగి దాన్ని నెడుతుంది. మన రక్తంలా ఒకే దిక్కున తిరగదు, తీగల్లో ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది.

చిన్నప్పుడు నెట్టేది ఆ ఒక్కటే. పెరిగేకొద్దీ మొలిచిన ప్రతి పాలిప్పూ ఇంకో పంపు అవుతుంది. ఒక్క సర్వర్‌తో మొదలైన సిస్టమ్ డిస్ట్రిబ్యూటెడ్ అయిపోయినట్టు! పిల్లల్ని కనే పని మాత్రమే చేసే పాలిప్‌లు వేటాడవు, వాటిని మిగతావి పోషిస్తాయి. దాని చుట్టం పొడొకొరైనాలో తీగల కొసలకి ద్రవం బాగా అందుతుంది, అది దూరదూరంగా పాకుతుంది. హైడ్రాక్టీనియాలో కొసలకి తక్కువ వెళ్తుంది, అది చాపలా దట్టంగా అల్లుకుంటుంది.

"చూశారా, ప్రకృతే పంచుకోమంటోంది" అని ఇక్కడితో ఆపేయొచ్చు. నాకది నిజాయితీగా అనిపించదు. ఆ పాలిప్‌లన్నీ ఒకే గుడ్డు నుంచి వచ్చినవి, ఒకే ఒళ్లు. వేరే కాలనీ ఎదురైతే ఏం చేస్తుందో చూడండి. దగ్గర చుట్టమైతే తీగలు కలిసిపోతాయి, ద్రవం కూడా కలుస్తుంది. పరాయిదైతే కుట్టే కణాలు నిండిన లావాటి తీగలు పెంచి దాని మీద పడుతుంది.

గీత మూడో అధ్యాయంలో, తమ కోసమే వండుకునేవాళ్లు పాపం తింటారని స్వామి అంటాడు. ఈ "తమ" అనే మాట ఎక్కడిదాకా వస్తుంది? భార్యాబిడ్డలు, అమ్మానాన్నలు అందులో ఉన్నారా లేరా? ఉన్నారనే నేను అనుకుంటున్నాను. ఇంటికి పంపేది బాధ్యత, ప్రేమ. దాన్ని దానం అంటే ముందు అమ్మకే కోపం వస్తుంది. పైగా ఆ ద్రవంలాగే అదీ ఏదో రూపంలో మన దగ్గరికి తిరిగొస్తుంది.

పెరటాసి నెలలో మా వడమాలపేట రోడ్డు మీద నిలబడితే తేడా తెలుస్తుంది. మద్రాసు వైపు నుంచి పుత్తూరు మీదుగా తమిళ భక్తులు "గోవిందా" అంటూ కొండకి నడిచిపోతుంటారు. భాష వేరు, కులం ఎవరూ అడగరు, మళ్లీ కనబడతారనే ఆశ కూడా లేదు. వాళ్లకి పోసిన మజ్జిగ ముందుకే పోతుంది, వెనక్కి రాదు. (ఫ్లెక్సీ కట్టించి ఫోటోలు దిగేవాళ్లకి మాత్రం కొంచెం వెనక్కి వస్తుంది లెండి.) కొండ మీద 1985లో మొదలైన నిత్యాన్నదానంలోనూ పక్కన కూర్చున్నది ఎవరని ఎవరూ అడగరు.

అడిగిన రోజులు మన దగ్గరా ఉన్నాయి. కులాన్ని బట్టి పంక్తులు వేయడం హైడ్రాక్టీనియా పద్ధతే, దానికి మంత్రాలు తోడయ్యాయంతే. ఇప్పుడు సిటీ అపార్ట్‌మెంట్లలో వినాయక చవితి భోజనాలప్పుడు వాచ్‌మన్‌కి, పనివాళ్లకి చివర్లో మిగిలింది పెట్టడాన్ని ఏమనాలి? నేనైతే దాన్ని దానం అనలేను.

జీతం ఇల్లు గడవడానికే సరిపోయేవాళ్లని ఈ లెక్కతో తక్కువ చేయాలని కాదు. మా రోడ్డు మీద కూడా సత్రాలు కట్టినవాళ్ల కంటే, ఇంటి ముందు ఒక బిందె, రెండు గ్లాసులు పెట్టుకుని నిలబడేవాళ్లే ఎక్కువ.